ఎలుకల రక్తంలో ఒమేగా-3 పెరిగింది, మెదడులో కదలడం లేదు. లోపం ఎక్కడ?

పిపెట్_పిల్ల
తిరుపతిలో పీహెచ్‌డీ మూడో ఏడు. పెద్ద విస్టార్ (ల్యాబ్ రకం) ఎలుకలకు నెలన్నర పాటు రోజూ గవాజ్‌తో, అంటే గొట్టంతో నేరుగా కడుపులోకి, అవిసె నూనె పట్టాం. కంట్రోల్ గ్రూపుకు అదే కొలతలో వేరుశనగ నూనె. తర్వాత ఎర్రకణాల్లోనూ సగం మెదడులోనూ ఫ్యాటీ యాసిడ్లు చూశాం. ఫోల్చ్ పద్ధతిలో లిపిడ్ తీసి, బీఎఫ్3 మెథనాల్‌తో మిథైల్ ఎస్టర్లు చేసి జీసీకి (ఒక్కో యాసిడ్‌ను ఒక్కో పీక్‌గా విడదీసి చూపించే గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం) ఎక్కించాం.

ఎర్రకణాల్లో ఈపీఏ బాగా పెరిగింది, డీహెచ్‌ఏ కూడా కొంచెం పెరిగింది (రెండూ పొడుగు గొలుసు ఒమేగా-3లే). మెదడులో డీహెచ్‌ఏ మాత్రం రెండు గ్రూపుల్లోనూ ఒకటే. మా గైడ్ "ఎక్స్‌ట్రాక్షన్ సరిగ్గా చేసుండవు, మళ్ళీ చెయ్" అంటున్నారు. దీనికి తోడు మెదడు శాంపిల్స్‌లో పామిటిక్‌కు ముందు ఒక పీక్ వస్తోంది. స్టాండర్డ్‌లో అది లేదు. ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు (దేనికీ అతుక్కోకుండా ఉన్నవి) విడిగా చూస్తే ఒక ఎలుకకూ ఇంకో ఎలుకకూ పొంతనే లేదు, అరాకిడోనిక్ (ఒక ఒమేగా-6) అయితే మరీ ఘోరం. మళ్ళీ చేయాలంటే ఎథిక్స్ కమిటీ, ఎలుకలు, డబ్బు, అన్నీ మొదటికే. ఈ పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

రేణిగుంట_రాజు
ఎలుకలకు అవిసె నూనె, వేరుశనగ నూనె. మన హాస్టల్ మెస్‌లో పామాయిల్. వచ్చే జన్మలో విస్టార్‌గా పుట్టాలప్పా.

బాలాజీకాలనీ_బ్యాచ్
@రాజు చివర్లో ఏం చేస్తారో తెలిసే అంటున్నావా?

జీసీ_మామ
జోకులు తర్వాత. పిల్లా, రెండు సంగతులు చెప్పు. గవాజ్ సంగతి సరే, ఎలుకలు రోజూ తినే పెల్లెట్‌లో ఏ నూనె ఉంది? రెండోది, సాక్రిఫైస్ చేశాక మెదడు లిక్విడ్ నైట్రోజన్‌లో పడేదాకా ఎంతసేపు పట్టింది?

పిపెట్_పిల్ల
పెల్లెట్ బయట కొన్నదే. బస్తా మీద సోయా అని ఉంది, శాతం రాయలేదు. మెదడు తీయడం ఒక్కో రోజు ఒక్కోలా జరిగింది. ఇద్దరం ఉంటే గబగబా అయ్యేది. ఒక్కదాన్నే ఉన్న రోజు పుర్రె కత్తిరించి, బయటికి తీసి, రెండు సగాలు చేసి, ఫాయిల్‌లో చుట్టేసరికి ఐదారు నిమిషాలు పట్టేది.

జీసీ_మామ
సోయా అన్నావు కదా, సగం జవాబు ఆ బస్తా మీదే ఉంది.

సోయా నూనెలో ఏఎల్‌ఏ (అవిసెలోనూ ఉండే మొక్కల ఒమేగా-3, డీహెచ్‌ఏకు ముడిసరుకు) దాదాపు 7 శాతం ఉంటుంది. ఎలుక లివర్‌కు ఏఎల్‌ఏ ఇస్తే డీహెచ్‌ఏ చేసుకోవడంలో మనకంటే చాలా గట్టిది. మెదడుకు రోజుకు కావలసినదానికంటే ఎక్కువే తయారు చేస్తుంది. అంటే మీ కంట్రోల్ ఎలుకల మెదడులో మొదటి రోజుకే డీహెచ్‌ఏ పూర్తిగా ఉంది. నిండిన బిందెలో ఇంకో చెంబు పోస్తే తేడా ఎక్కడ తెలుస్తుంది? గైడ్‌గారు ఎక్స్‌ట్రాక్షన్‌ను తిడుతున్నారు గానీ, ఎక్స్‌ట్రాక్షన్ తప్పయితే మెదడులో డీహెచ్‌ఏ తగ్గి కనిపించాలి, లేదా ఒక్కో శాంపిల్‌కు ఒక్కోలా రావాలి. రెండు గ్రూపుల్లోనూ బుద్ధిగా ఒకే నంబరు వచ్చిందంటే చేతిపని బాగానే ఉన్నట్టు. ఇంతకీ ఎంత శాతం వచ్చింది?

పిపెట్_పిల్ల
మొత్తం ఫ్యాటీ యాసిడ్లలో 12కి అటూ ఇటూ.

జీసీ_మామ
ఆరోగ్యంగా ఉన్న ఎలుక మెదడుకు ఉండాల్సినంత ఉంది. హాయిగా పడుకో.

క్లోరోఫామ్_రెడ్డి
మామ మాట కొంతవరకే ఒప్పుకుంటా. టైము కూడా చాలలేదు. అమెరికాలో ర్యాపోపోర్ట్ గ్రూపు 2004లో చూపించింది, ఎలుక మెదడులో డీహెచ్‌ఏ సగం కరగడానికి 33 రోజులు పడుతుంది. ఒమేగా-3 లేని తిండి పెడితే ఆ సగం కరగడానికే 90 రోజులు. నెలన్నరలో తేడా చూడాలనుకోవడం అత్యాశ. కనీసం మూడు నెలలు నూనె పట్టాలి.

బయోకెమ్_అక్క
రెడ్డిగారూ, ఆ లెక్క మీకే అడ్డం తిరుగుతుంది. 33 రోజులకు సగం పోతే నెలన్నరకు సగానికి పైగా పోయి కొత్తది వచ్చి చేరినట్టే కదా. అంటే ఆ మెదళ్ళలో ఉన్న డీహెచ్‌ఏలో ఎక్కువ భాగం ప్రయోగం మొదలయ్యాక వచ్చిందే. అణువులు మారాయి, మొత్తం మారలేదు. ఇంకో మూడు నెలలు పట్టినా మొత్తం అంతే ఉంటుంది. ఆ మార్పు చూడాలంటే కార్బన్-13 లేబుల్ ఉన్న ఏఎల్‌ఏ ఇచ్చి మాస్ స్పెక్‌లో చూడాలి. దానికి ఈ పిల్ల ఫెలోషిప్ మొత్తం అమ్ముకున్నా చాలదు.

మీరు చెప్పిన 90 రోజుల ముక్కే అసలు చూడాల్సింది. తిండిలో ఒమేగా-3 తీసేస్తే మెదడు ఉన్నదాన్ని ఖర్చు పెట్టడం తగ్గించేస్తుంది. అంత గట్టిగా పట్టుకునే అవయవంలో పైనుంచి నూనె పోసి శాతం పెంచుదామనుకోవడం దగ్గరే చిక్కు ఉంది.

క్లోరోఫామ్_రెడ్డి
సరే, పాలు తాగే పిల్లల సంగతో? అక్కడ తేడా వస్తుంది కదా.

బయోకెమ్_అక్క
వస్తుంది. ఎలుకల్లో మెదడుకు డీహెచ్‌ఏ చేరడం ఎక్కువగా కడుపులో ఉన్నప్పుడూ, పుట్టాక పాలు మానేదాకా ఉండే మూడు వారాల్లోనూ. మనుషుల్లో చివరి మూడు నెలల గర్భం, తర్వాత మొదటి రెండేళ్ళు. అందుకే ఈ రంగంలో చాలామంది తల్లి ఎలుక తిండి మారుస్తారు, పిల్లల మెదడు కొలుస్తారు. పెద్ద ఎలుకల్లో కూడా చేప నూనె గట్టిగా పెడితే కొద్దిగా కదులుతుంది. అవిసె నూనెతో, అదీ సోయా పెల్లెట్ మీద, కష్టం.

సిలికా_సుందరి
ఆ దొంగ పీక్ గురించి ఎవరూ మాట్లాడరేం? మెదడులో 16:0కు (పామిటిక్) కాస్త ముందు వస్తోందా? 18:0కు (స్టియరిక్) ముందు కూడా ఇంకోటి ఉందేమో జూమ్ చేసి చూడు.

పిపెట్_పిల్ల
ఉంది! చిన్నది. దాన్ని నాయిజ్ అనుకుని వదిలేశాం.

సిలికా_సుందరి
నాయిజ్ కాదు, ప్లాస్మలోజెన్. మెదడు ఇథనోలమైన్ ఫాస్ఫోలిపిడ్లలో (కణాల పొరల్లో ఉండే ఒక రకం కొవ్వులు) ప్లాస్మలోజెన్లు దండిగా ఉంటాయి. వాటిలో మొదటి గొలుసు ఎస్టర్ బంధంతో కాదు, వినైల్ ఈథర్ బంధంతో ఉంటుంది. బీఎఫ్3 మెథనాల్ యాసిడ్ కాబట్టి ఆ గొలుసు మిథైల్ ఎస్టర్ కాకుండా డైమిథైల్ ఎసిటాల్ (డీఎంఏ) అవుతుంది. అది తన ఎస్టర్‌కు కొంచెం ముందే వచ్చేస్తుంది. 16:0 డీఎంఏ, 18:0 డీఎంఏ. ఎర్రకణాల్లోనూ చిన్నగా ఉంటాయి, ప్లాస్మాలో దాదాపు కనపడవు. అందుకే మెదడు రన్‌లోనే నీ కళ్ళబడింది.

మీ శాతాల లెక్కలో డీఎంఏను కలిపారా, వదిలేశారా అన్నది థీసిస్‌లో రాయాలి. కొందరు కలుపుతారు, కొందరు కలపరు. కలిపినవాళ్ళ నంబర్లూ కలపనివాళ్ళ నంబర్లూ పక్కపక్కన పెట్టి "మా డీహెచ్‌ఏ ఎక్కువ, మీది తక్కువ" అని కొట్టుకుంటుంటారు.

జీసీ_మామ
ఇంకో ఉచ్చు ఉంది, అదీ మెదడులోనే. పోలార్ కాలమ్ మీద చివర్లో వచ్చే 24:1 (నెర్వోనిక్), 22:6 (డీహెచ్‌ఏ) పక్కపక్కనే ఉంటాయి. రక్తంలో 24:1 తక్కువ కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మెదడు మైలిన్‌లో (నరాల మీది కొవ్వు తొడుగు) నెర్వోనిక్ బాగా ఉంటుంది. కాలమ్ పాతబడి పీక్‌లు వెడల్పయితే రెండూ కలిసిపోయి, నువ్వు డీహెచ్‌ఏ అనుకునేదాంట్లో నెర్వోనిక్ కూడా ఉంటుంది. స్టాండర్డ్ మిక్స్ ఒకసారి, దాంట్లో మెదడు శాంపిల్ కలిపి ఒకసారి ఎక్కించి చూడు.

ఇంకో మాట. సోడియం మెథాక్సైడ్ లాంటి బేస్‌తో మిథైలేషన్ చేస్తే స్ఫింగోలిపిడ్లలో అమైడ్ బంధంతో ఉన్నవి విడివడవు, ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు కూడా ఎస్టర్ కావు. "పక్క ల్యాబ్‌లో బేస్‌తో ఐదు నిమిషాల్లో అయిపోతుంది" అని ఎవరైనా చెబితే మెదడు విషయంలో వినొద్దు.

పిపెట్_పిల్ల
పక్క ల్యాబ్ సీనియర్ అచ్చం ఇదే మాట చెప్పాడు 😐

చిత్తూరు_చిన్నోడు
నేను బీకాం, తప్పుగా వచ్చిపడ్డా ఈ థ్రెడ్‌లోకి. కానీ ఒకటి అడగాలి. మతిమరుపు తగ్గుతుందని మా అమ్మ రోజూ అవిసె గింజల కారప్పొడి చేసి ఇడ్లీలో వేసుకుంటోంది, మాకూ పెడుతోంది. మీ మాటలు చూస్తే అది మెదడుకు చేరదా?

బయోకెమ్_అక్క
ఎలుక సంగతి వేరు, మన సంగతి వేరు తమ్ముడూ. మనుషుల్లో ఏఎల్‌ఏ డీహెచ్‌ఏగా మారేది చాలా కొద్ది. వయసులో ఉన్న ఆడవాళ్ళలో కొంచెం నయం, మగవాళ్ళలో మరీ తక్కువ. శాకాహారుల రక్తంలో డీహెచ్‌ఏ తక్కువగా కనిపించడానికి అదే కారణం. అలాగని శాకాహారుల మెదడు ఖాళీగా ఏమీ లేదు. మనిషి మెదడు రోజుకు ఖర్చు పెట్టేది దాదాపు 4 మిల్లీగ్రాములే అని పెట్ స్కాన్‌తో 2009లో లెక్క కట్టారు. ఆ లెక్కన మన మెదడులో డీహెచ్‌ఏ సగం మారడానికి రెండున్నరేళ్ళు పడుతుంది.

కారప్పొడి మానొద్దు, పీచు ఉంది, మంచిదే. మతిమరుపు నిజంగా ఇబ్బందిగా ఉంటే మాత్రం బీ12, థైరాయిడ్ చూపించండి. ఎప్పటి నుంచో శాకాహారం అయితే బీ12 తప్పనిసరిగా.

రేణిగుంట_రాజు
చేపలు తినేవాళ్ళ సంగతి చెప్పక్కా. మేం ఆదివారం ఆదివారం తింటాం.

బయోకెమ్_అక్క
ఏ చేప అన్నదాన్ని బట్టి. ఇక్కడ మార్కెట్లో ఎక్కువగా దొరికే చెరువు చేపల్లో డీహెచ్‌ఏ తక్కువే. కవళ్ళు, కానాగడతలు తింటే లెక్కలోకి వస్తుంది. వాసన అని ఇంట్లో రానివ్వరు కదా, అది మీ గొడవ.

పూతలపట్టు_రైతుబిడ్డ
వేరుశనగ నూనెను కంట్రోల్‌గా పెట్టారంటే అదేదో పనికిరాని నూనె అనేనా? మాది నాలుగు తరాల చెనక్కాయ సేద్యం, అందుకే అడుగుతున్నా.

జీసీ_మామ
పనికిరానిది అని ఎవరన్నారయ్యా. అందులో ఒమేగా-3 దాదాపు లేదు, అందుకే కంట్రోల్‌కు సరిపోతుంది. ఎక్కువ భాగం ఓలిక్, తర్వాత లినోలిక్. ఇంకో విశేషం, 20:0, 22:0, 24:0 లాంటి పొడుగు గొలుసుల సాచురేటెడ్ కొవ్వులు కొద్ది కొద్దిగా ఉంటాయి. జీసీలో వేరుశనగను పట్టించేవి అవే. ఇప్పుడు హై ఓలిక్ రకాలు వచ్చాయి కదా, గిర్నార్-4, గిర్నార్-5. వాటిలో ఓలిక్ 80 శాతం దాకా ఉంటుంది, నూనె త్వరగా కంపు కొట్టదు.

@పిపెట్_పిల్ల నీ వేరుశనగ నూనె మామూలుదా, హై ఓలిక్‌దా? గానుగలో ఆడించిందైతే దాన్ని కూడా ఒకసారి జీసీలో ఎక్కించు. అవిసె నూనెకూ అంతే. సీసా తీసి ఎన్నాళ్ళయిందో, ఫ్రిజ్‌లో పెట్టారో లేదో. తిరుపతి ఎండల్లో అవిసె నూనె బల్ల మీద వదిలేస్తే అది రంగులకు వాడే నూనె అయిపోతుంది.

పిపెట్_పిల్ల
మామూలుదే, గానుగ నూనె. రెండూ చిన్న సీసాల్లో నింపి −20లో పెట్టాం. నూనెల జీసీ మాత్రం ఇంకా చేయలేదు, రేపు చేస్తా.

బాలాజీకాలనీ_బ్యాచ్
జీసీ, కొవ్వులు, తిరుపతి అనగానే నాకు లడ్డూ నెయ్యి గుర్తొస్తోంది. మామా, నెయ్యిలో కల్తీ ఎలా పడతారో

మోడరేటర్
ఆ టాపిక్ ఇక్కడ వద్దు. పోయినసారి తెరిస్తే మూడు థ్రెడ్లు తాళం వేయాల్సొచ్చింది.

జీసీ_మామ
మోడరేటర్‌గారూ, కెమిస్ట్రీ ఒక్క వాక్యం: పాలకొవ్వులో 4:0 బ్యూటిరిక్ ఉంటుంది, వంటనూనెల్లో ఉండదు. అక్కడితో ఆపేస్తున్నా.

పాత_ల్యాబ్_మనిషి
రిటైరయ్యాను, తీరిగ్గా చదివాను మొత్తం. ఫ్రీ ఫ్యాటీ యాసిడ్ల దగ్గర అందరూ దాటేసి పోయారు, అక్కడ ఆగాలి.

మెదడుకు రక్తం ఆగిన క్షణం నుంచి ఎంజైములు పొరల్లోని ఫాస్ఫోలిపిడ్లను కోయడం మొదలుపెడతాయి. నికోలస్ బజాన్ 1970లో ఎలుక మెదడు మీదే ఇది చూపించాడు. బతికున్న మెదడులో విడిగా ఉండే ఫ్యాటీ యాసిడ్ చాలా స్వల్పం. తల తీసిన కొద్ది నిమిషాల్లోనే అది ఎన్నో రెట్లవుతుంది, అందులో అరాకిడోనిక్ ముందుంటుంది. ఒక ఎలుకకు రెండు నిమిషాలు, ఇంకో ఎలుకకు ఆరు నిమిషాలు పట్టాయంటే మీరు కొలిచింది నూనె తేడా కాదమ్మా, కత్తెర వేగం తేడా. ఆ డేటా ఏ స్టాటిస్టిక్స్‌తోనూ బాగుపడదు. దాన్ని పక్కన పెట్టండి.

ఫాస్ఫోలిపిడ్లలో బంధంలో ఉన్న మొత్తంతో పోలిస్తే విడిపోయేది చాలా చిన్న వాటా. కాబట్టి మీ మొత్తం డీహెచ్‌ఏ నంబరుకు ఏం కాలేదు, అది నిలబడుతుంది.

పిపెట్_పిల్ల
మరి ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు కొలిచేవాళ్ళు ఎలా కొలుస్తారు సార్? ఎంత వేగంగా చేసినా నిమిషం పడుతుంది కదా.

పాత_ల్యాబ్_మనిషి
తల మీదికే మైక్రోవేవ్ కేంద్రీకరించే యంత్రం ఉంటుంది. ఒకటి రెండు సెకన్లలో ఎంజైములు చచ్చిపోతాయి, తర్వాత తీరిగ్గా కోసుకోవచ్చు. వంటింటి ఓవెన్ కాదు, ఎవరూ ఆ ప్రయోగం చేయకండి. ఆ యంత్రం మన దగ్గర దొరకడం కష్టం. లేనప్పుడు తలను నేరుగా లిక్విడ్ నైట్రోజన్‌లో వేసి, గట్టిపడ్డాక చలిలోనే పగలగొట్టి మెదడు తీసేవాళ్ళం. లోపలి భాగం గడ్డకట్టడానికి టైము పడుతుంది, అయినా అన్ని ఎలుకలకూ ఒకటే టైము.

నైట్రోజన్ లేదని మాత్రం చెప్పకండి. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల ఇన్ని పాడి ఆవులున్నాయి. సూది వేయడానికి వీర్యం స్ట్రాలు దాచే క్యాన్లు ప్రతి పశువుల ఆస్పత్రిలో ఉంటాయి, వాటిని నింపడానికి బండి తిరుగుతూనే ఉంటుంది. మా రోజుల్లో ఆ బండి వచ్చే వారం కనుక్కుని ఎలుకల తేదీ పెట్టుకునేవాళ్ళం.

రేణిగుంట_రాజు
నైట్రోజన్ క్యాన్ ఆటోలో తెస్తుంటే మూత సందుల్లోంచి తెల్లగా పొగ. డ్రైవరు లీలామహల్ సర్కిల్‌లో ఆపి "అన్నా, ఇది బాంబా ఏంది" అని దింపేశాడు. బ్రహ్మోత్సవాల టైము, పక్కనే పోలీసులు. ఐడీ కార్డు, గైడ్ లెటర్, అన్నీ చూపించి, ఒక స్పూన్ నైట్రోజన్ రోడ్డు మీద పోసి మాయమైపోవడం చూపించాక వదిలారు. తర్వాత ఆ కానిస్టేబుల్ ఇంకోసారి పొయ్యమన్నాడు.

సిలికా_సుందరి
😂😂 పబ్లిక్ డెమో

క్లోరోఫామ్_రెడ్డి
ఫోల్చ్ గురించి ఒకటి చెప్పనా. ఈ క్లోరోఫామ్, మెథనాల్ 2:1 పద్ధతి 1957ది. ఫోల్చ్ చేతిలో ఉన్నది మెదడే, అందుకే ఇది మెదడుకు అంత బాగా కుదురుతుంది. ఒక గ్రాము కణజాలానికి 20 మిల్లీలీటర్లు. చాలామంది పిసినారితనం చేసి తగ్గిస్తారు, ముఖ్యంగా మెదడుకు. మెదడులో నీళ్ళు తీసేస్తే మిగిలేదాంట్లో సగానికి పైగా కొవ్వే, అక్కడ తగ్గించకూడదు.

ఇంకోటి, మే నెలలో క్లోరోఫామ్‌ను మైక్రోపిపెట్‌తో తీస్తే మీరు ట్యూబ్ దాకా వెళ్ళేలోపే టిప్ నుంచి బొట్లు బొట్లుగా కారిపోతుంది. 61 డిగ్రీలకే మరిగే ద్రవం అది, ఆవిరి లోపల ఒత్తిడి పెట్టి తోసేస్తుంది. రెండు మూడు సార్లు ముంచి తీసి టిప్‌ను తడపాలి, లేదా గ్లాస్ సిరంజి వాడాలి. ఇంటర్నల్ స్టాండర్డ్ (లెక్క కోసం తెలిసిన కొలతలో కలిపే కొవ్వు) వేసేటప్పుడు ఒక్క బొట్టు బల్ల మీద పడినా శాతం లెక్కకు ఏమీ కాదు గానీ, గ్రాముకు ఇన్ని మిల్లీగ్రాములు అనే లెక్క గల్లంతే.

పాత_ల్యాబ్_మనిషి
మేం క్లోరోఫామ్ నోటితో పీల్చేవాళ్ళం పిపెట్‌లో. ఇప్పుడు చెబితే సేఫ్టీ ఆఫీసరు జైల్లో పెడతాడు. మధ్యాహ్నానికి తల తిరిగేది, క్యాంటీన్ టీ వల్ల అనుకునేవాళ్ళం.

కింది పొర తీసేటప్పుడు మాత్రం మా చేతులు బాగుండేవి. పైన మెథనాల్, నీళ్ళు, మధ్యలో తెల్లటి ప్రొటీన్ బిళ్ళ, కింద క్లోరోఫామ్. పాశ్చర్ పిపెట్ రబ్బరు బల్బును కొంచెం నొక్కి గాలి బుడగలు వదులుతూ పై పొర దాటాలి. అప్పుడు పై ద్రవం గొట్టంలోకి ఎక్కదు. ఆ బిళ్ళ అంచును పక్కకు తోసి కిందికి దిగి, నెమ్మదిగా లాగాలి. ఆత్రపడితే బిళ్ళ చిరిగి ముక్కలు పైకి తేలతాయి, మళ్ళీ సెంట్రిఫ్యూజ్. మెదడు గాంగ్లియోసైడ్లు (చక్కెర అతుక్కున్న కొవ్వులు) ఆ పై పొరలోనే ఉంటాయి, అవి కావాలంటే దాన్ని పారబోయకండి.

బయోకెమ్_అక్క
@పిపెట్_పిల్ల ఎర్రకణాలు ఎక్కడ దాచారు? −20లోనా, −80లోనా?

పిపెట్_పిల్ల
కొన్ని −80లో. అందులో చోటు లేక కొన్ని వారాల పాటు −20లో. ఎందుకు?

బయోకెమ్_అక్క
ఎర్రకణాల్లో ఇనుము ఉంది కదా. −20లో అది డీహెచ్‌ఏ, అరాకిడోనిక్ లాంటివాటిని మెల్లగా తినేస్తూనే ఉంటుంది. వారాల్లోనే పడిపోతాయి. ప్లాస్మాకు −20లో ఇంత ప్రమాదం లేదు, ఎర్రకణాలకే. ఏ ట్యూబ్ ఎక్కడ ఉందో రిజిస్టర్ చూసి, −20లో ఉన్నవి ఒక గ్రూపులోనే ఎక్కువ ఉన్నాయేమో చూడండి. అలా ఉంటే రక్తంలో మీకు కనిపించిన పెరుగుదలే అనుమానం.

చిత్తూరు_చిన్నోడు
అక్కా, ఇంకొకటి అడిగి వెళ్ళిపోతా. నా లిపిడ్ రిపోర్టులో ట్రైగ్లిజరైడ్స్ 430, ఎల్‌డీఎల్ దగ్గర ఖాళీ. ల్యాబ్‌వాళ్ళను అడిగితే "రాదు" అన్నారు. ఇంకో పక్క మా మామ, కొలెస్ట్రాల్ బిళ్ళ వేసుకుంటే మెదడులో కొలెస్ట్రాల్ ఎండిపోయి మతి పోతుందని వాట్సాప్ చూపిస్తున్నాడు.

బయోకెమ్_అక్క
ఖాళీ వదిలారంటే మంచి ల్యాబే. చాలాచోట్ల ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు, 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రంతో లెక్క కడతారు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతు తీసేస్తారు. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఆ ఐదో వంతు లెక్క పనిచేయదు. పరగడుపున ఇంకోసారి చూపించు, అప్పటికీ ఎక్కువుంటే డైరెక్ట్ ఎల్‌డీఎల్ అడుగు. డాక్టర్‌ను మాత్రం కలువు, 430 తక్కువేం కాదు.

మామకు చెప్పు: మెదడు శరీర బరువులో 2 శాతమే అయినా, ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఐదో వంతు పైన దాంట్లోనే ఉంది, ఎక్కువగా మైలిన్‌లో. అదంతా మెదడు తనే తయారు చేసుకుంటుంది. రక్తంలోని ఎల్‌డీఎల్ రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడ దాటి లోపలికి పోదు. స్టాటిన్‌లు అనే ఆ కొలెస్ట్రాల్ బిళ్ళల్లో కొన్ని కొంత లోపలికి వెళ్తాయి, నిజమే, మందు మార్చాలా అన్నది డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. వాట్సాప్ చూసి ఆపకూడదు.

క్లోరోఫామ్_రెడ్డి
అంటే అక్క కూడా ఒప్పుకున్నట్టే. డీహెచ్‌ఏ అయినా కొలెస్ట్రాల్ అయినా రక్తం చూసి మెదడు గురించి మాట్లాడడం దండగ. ఆ ఎర్రకణాల చాప్టర్ థీసిస్‌లోంచి తీసేయమ్మా.

బయోకెమ్_అక్క
తొందరెందుకు? ఎర్రకణాల్లో ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపి చూసే ఒమేగా-3 ఇండెక్స్‌ను 2004లో హ్యారిస్, వాన్ షాకీ ప్రతిపాదించింది గుండె కోసం. 8 శాతం పైన మంచిది, 4 కింద ప్రమాదం అని. మెదడుకు కొలబద్ద అని వాళ్ళు అనలేదు. ఎర్రకణం మనిషిలో 120 రోజులు బతుకుతుంది కాబట్టి గత కొన్ని నెలల తిండి ఏమిటో అది చెబుతుంది. ఈ పిల్ల పట్టిన నూనె ఒంట్లోకి వెళ్ళిందని చూపించే ఆధారం అదొక్కటే. తీసేస్తే రివ్యూయరు "అసలు నూనె తాగాయా ఎలుకలు?" అంటాడు.

పైగా రక్తం మెదడు గురించి ఏమీ చెప్పదనడం కూడా నిజం కాదు. మెదడు తన కొలెస్ట్రాల్‌ను 24-హైడ్రాక్సీ కొలెస్ట్రాల్‌గా మార్చి బయటికి పంపుతుంది. పెద్దవాళ్ళ రక్తంలో కనిపించే ఆ అణువు దాదాపు అంతా మెదడు నుంచి వచ్చిందే. ఏ అణువును అడుగుతున్నాం అన్నదాన్ని బట్టి ఉంటుంది.

సిలికా_సుందరి
రెడ్డిగారికీ అక్కకీ ఈ గొడవ 2019 నుంచి నడుస్తోంది, కొత్తవాళ్ళు కంగారు పడకండి.

డీహెచ్‌ఏ లోపలికి వెళ్ళే దారి కూడా చాప్టర్‌లో రాయి పిల్లా. 2014లో సింగపూర్‌వాళ్ళు చూపించారు, రక్తనాళాల గోడలో ఎంఎఫ్‌ఎస్‌డీ2ఏ అనే ప్రొటీన్ లైసో ఫాస్ఫటిడైల్ కోలిన్ రూపంలో ఉన్న డీహెచ్‌ఏను లోపలికి తీసుకుపోతుంది. అది లేని చిట్టెలుకల మెదడు చిన్నగా ఉంటుంది, డీహెచ్‌ఏ బాగా తక్కువ. ఈపీఏ అయితే మెదడులోకి వెళ్ళినా ఎక్కువసేపు నిలవదు, కాల్చేస్తుంది. నీ ఎర్రకణాల్లో ఈపీఏ అంత పెరిగినా మెదడులో కనపడకపోవడానికి కారణం అదే. ఇది కూడా నీ ఫలితమే, ఖాళీ కాదు.

జీసీ_మామ
ఇప్పుడు పని. కొత్త ఎలుకలు లేకుండా ఏం చేయొచ్చో చూడు. మిగిలిన సగం మెదళ్ళు ఉన్నాయా?

పిపెట్_పిల్ల
ఉన్నాయి, −80లో. కొన్నిటి లిపిడ్ కూడా క్లోరోఫామ్‌లో ఉంది, బీహెచ్‌టీ (కొవ్వు పాడవకుండా ఆపేది) వేసి నైట్రోజన్ ఊది మూత పెట్టాం.

జీసీ_మామ
అయితే చాలు. మిగిలిన సగంలో కార్టెక్స్ విడిగా తీయి. సగం మెదడు మొత్తం వేస్తే మైలిన్ వాటా ఒక్కోదాంట్లో ఒక్కోలా వచ్చి డీహెచ్‌ఏ శాతాన్ని పలచన చేస్తుంది. ఇంటర్నల్ స్టాండర్డ్‌ను హోమోజినైజ్ చేసేటప్పుడే వేయి, చివర్లో కాదు. 17:0 ఉన్న ఫాస్ఫటిడైల్ కోలిన్ అయితే మంచిది, ఎక్స్‌ట్రాక్షన్, మిథైలేషన్ రెండింటి నష్టమూ లెక్కలోకి వస్తుంది. అప్పుడు గ్రాముకు ఇన్ని మిల్లీగ్రాములు అని చూపించొచ్చు. శాతం ఒక్కటే చూపిస్తే ఒకటి పెరిగితే మిగతావన్నీ తగ్గినట్టు కనిపించే గోల ఉంటుంది. ఖాళీ ట్యూబ్ ఒకటి మొదటి నుంచి చివరి దాకా నడుపు. ప్లాస్టిక్ తగిలితే థాలేట్ పీక్ వస్తుంది, అదెక్కడ ఉందో తెలియాలి. బీఎఫ్3 ఆంప్యూల్ తేదీ చూడు. పాతదైతే డబుల్ బాండ్లు ఎక్కువున్న వాటినే ముందు పాడు చేస్తుంది.

గైడ్ కచ్చితంగా మెదడులో తేడా చూడాలంటే సోయా లేని పెల్లెట్, వేరుశనగ నూనెతో చేయించినది, తల్లి ఎలుకల దగ్గర నుంచి మొదలుపెట్టాలి. అప్పుడు డీహెచ్‌ఏ తగ్గుతుంది, దాని స్థానంలో 22:5 ఒమేగా-6 ఎక్కుతుంది. ఆ పీక్ కనిపిస్తే గైడ్ మాట్లాడడు.

పిపెట్_పిల్ల
ఇదంతా ప్రింట్ తీసి గైడ్ టేబుల్ మీద పెట్టా. బస్తా ఫొటో కూడా. "సోయానా?" అని అడిగి, పెల్లెట్ కంపెనీకి కంపోజిషన్ కోసం మెయిల్ పెట్టమన్నారు. మళ్ళీ చెయ్ అనలేదు. కార్టెక్స్‌తో చేయడానికి ఒప్పుకున్నారు. ఫాస్ఫోలిపిడ్లు విడిగా చూడమంటున్నారు గానీ, మా దగ్గర టీఎల్‌సీ ప్లేట్లు (కొవ్వు రకాల్ని విడదీసే సిలికా పలకలు) అయిపోయాయి, ఇండెంట్ పెడితే వచ్చేసరికి సంక్రాంతి.

సిలికా_సుందరి
మా దగ్గర సిలికా ప్లేట్లు ఉన్నాయి. హెక్సేన్, ఈథర్, ఎసిటిక్ యాసిడ్ 80:20:1. ఫాస్ఫోలిపిడ్లు మొదలు దగ్గరే ఉండిపోతాయి, గీరి తీసుకోవచ్చు. అయోడిన్‌లో పెట్టిన వరుసను జీసీకి వాడొద్దు, డబుల్ బాండ్లకు అయోడిన్ పట్టుకుంటుంది. పక్క వరుసలో మాత్రమే పెట్టి గుర్తు చూసుకో. సోమవారం వచ్చేయ్. హెక్సేన్ మాత్రం నువ్వే తెచ్చుకో, మాది కూడా అడుగంటింది.

రేణిగుంట_రాజు
ఆటోలో తేకు. నన్నడుగు.